పెనం ముందు పీట

పోయిన నెల మా మనవరాలు నిత్య ఆన్‌లైన్‌లో వాఫిల్ మెషీన్ తెప్పించింది. పుస్తకంలా తెరుచుకునే నల్లటి డబ్బా, లోపల రెండు వైపులా గళ్ళు. పిండి పోసి మూత వేస్తే ఎర్ర దీపం వెలుగుతుంది, కాలడం అయ్యాక ఆరిపోతుంది. ఆదివారం పొద్దున ఇంటిల్లిపాదినీ వంటింట్లోకి పిలిచి, "ఎవరి వాఫిల్ వాళ్ళే పోసుకోవాలి, ఇది రూల్" అని ప్రకటించింది. సరిగ్గా ఆ వారమే మా వదిన అనసూయ కంటి ఆపరేషన్ కోసం దోర్నపాల్ నుంచి వచ్చి, జగదల్‌పూర్‌లో మా ఇంట్లో ఉంది. కంటి మీద పచ్చటి గుడ్డ కట్టుకుని వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. వేడి దగ్గరికి వెళ్ళొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు కాబట్టి కూర్చుంది గానీ, పొయ్యి వెలుగుతుంటే దూరంగా కూర్చోవడం ఆమెకు అలవాటు లేదు. మాటిమాటికీ చేతులు ఒళ్ళోంచి తీసి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంటోంది.

మొదటి వాఫిల్ గళ్ళకు అంటుకుని ముక్కలైపోయింది. నిత్య గిన్నెలు తోమే స్టీలు పీచు అందుకుంది. "పీచు పెట్టకు బిడ్డా" అంది వదిన కుర్చీలోంచే. "గీతలు పడ్డయంటే ఇగ జన్మల ఊడిరాదు. నూనె బట్టతోని తుడువు." నిత్య అలాగే తుడిచింది. రెండోది చక్కగా ఊడి వచ్చింది. "అమ్మమ్మా, నీకు వాఫిల్ గురించి కూడా తెలుసా?" అని ఆశ్చర్యపోయింది పిల్ల. వదిన నవ్వి నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. ఎందుకు తిప్పుకున్నానో చెప్పాలంటే, జగదల్‌పూర్ ముఖం చూడక ముందు నేను బతికిన దోర్నపాల్ ఇంటికి వెళ్ళాలి.

ఆ ఇంటికి ముఖం కొంటా ఊరికి పోయే రోడ్డు, వీపు అడవి. ముందు నాయిన కిరాణా దుకాణం, మధ్యలో సరుకు కొట్టు, వెనక వంటిల్లు. ఉప్పు, నూనె, గుడ్డలు అమ్మి, చింతపండు, ఇప్పపువ్వు కొనడం మా వ్యాపారం. అందువల్ల ఇల్లంతా సగం ఏడాది పులుపు వాసన, సగం ఏడాది ఆ మత్తు తీపి వాసన. ఎవరైనా మా చొక్కా వాసన చూసి నెల చెప్పెయ్యగలరు. నాయిన దుకాణంలో కూర్చుని ఒకరితో దోర్లీ, ఒకరితో హల్బీ, పట్వారీ వస్తే హిందీ మాట్లాడేవాడు. నడవ దాటి వంటింట్లోకి వస్తే మాత్రం ఒక్కటే భాష, ఒక్కటే రాజ్యం. అది మా నాయనమ్మది.

నాయనమ్మ భద్రాచలం వైపు నుంచి కాపురానికి వచ్చినప్పుడు తనతో తెచ్చుకున్నది ఒక ఇనప పెనం. మా ఇంట్లో పొద్దున ఫలహారం అంటే అట్లే. మినప్పప్పు, బియ్యం రుబ్బిన అట్లు మామూలు రోజులకు. బియ్యం కరువైతే కోసరలనే చిరుధాన్యం కలిపిన అట్లు. ఎండాకాలం చివర, ఎండిన ఇప్పపువ్వు నానబెట్టి, లోపలి కేసరాలు ఓపికగా తీసేసి, పిండితో కలిపి రుబ్బిన తీపి అట్లు. అవి మాడకుండా తీయడం కత్తి మీద సామే. చుట్టుపక్కల వాళ్ళు బియ్యప్పిండి జారుగా కలిపి చీలా పోసుకునేవాళ్ళు. వాళ్ళిళ్ళల్లో ఎవరికి ఆకలైతే వాళ్ళు లేచి పోసుకునేవాళ్ళు. అది చూసి నాకు లోలోపల ఎంత అసూయగా ఉండేదో చెప్పలేను.

ఎందుకంటే మా ఇంట్లో అట్టు పోయడానికి ఒక నియమం ఉంది. పెనం ముందు పీట మీద ఒకరు కూర్చుంటే, గిన్నెలో పిండి అయిపోయేదాకా లేవకూడదు. మధ్యలో చెయ్యి మారితే పెనం అలుగుతుందని నాయనమ్మ నమ్మకం. ఒక రోజు సంగతే కాదు. ఏళ్ళ తరబడి ఆ పెనానికి ఒకటే చెయ్యి ఉండాలి. దాన్ని కడగకూడదు, పీచు తగలనివ్వకూడదు. వంకాయ తొడిమతో నూనె రాయాలి, పని అయ్యాక గుడ్డతో తుడిచి బోర్లించాలి. ముందు నాయినకు, తర్వాత అన్నకు, సరుకు తూచే ఇద్దరు మనుషులకు, శబరి నది పొంగి రోడ్డు మునిగితే మా అరుగు మీద చిక్కుకుపోయిన లారీ డ్రైవర్లకు, ఆ తర్వాత నాయనమ్మకు, అమ్మకు. గిన్నె గోకి పోసిన చివరి అట్టు పోసిన మనిషిది. అప్పటికి ఆ మనిషికి ఆకలి చచ్చి ఉండేది.

నాయనమ్మకు చూపు తగ్గాక పీట అమ్మకు వచ్చింది. అమ్మకు ఉబ్బసం. పొగ పీలిస్తే పిల్లికూతలు మొదలయ్యేవి. ఒక వానాకాలం ఆమె పొయ్యి దగ్గర కూలబడిపోతే, పదకొండేళ్ళ నేను గరిటె అందుకున్నాను. నా మొదటి అట్టే గుండ్రంగా, అంచులు లేచి, బట్ట మడిచినట్టు ఊడి వచ్చింది. అది నేను చేసిన తప్పు. నాయనమ్మ వేలితో అంచు తడిమి, "ఈ పిల్లకు చెయ్యి ఉన్నది" అంది. ఆ మెప్పుకు నేను పొంగిపోయాను. పొగిడితే పొంగిపోయే వయసు. ఎవరెంత పొగిడితే అంత పల్చగా పోశాను, ఆ పీట మీద నుంచి ఇక లేవలేకపోయాను.

ఐదేళ్ళు. బడికి రోజూ ఆలస్యమే. మాస్టర్‌జీ అడగడం కూడా మానేసి, నన్ను చూడగానే వెనక బెంచీ వైపు వేలు చూపించేవాడు. జుట్టు నిండా నూనె పొగ. అంగడి రోజైతే ఊళ్ళ నుంచి సరుకు తెచ్చినవాళ్ళలో నాయినకు కావలసినవాళ్ళు కూడా వరసలో కూర్చునేవాళ్ళు. నేను ఒక అట్టు తిరగేస్తూ కిటికీలోంచి రోడ్డు చూసేదాన్ని. జగదల్‌పూర్ బస్సు హారన్ వినపడితే గరిటె గాల్లోనే ఆగిపోయేది. ఇంట్లో నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ముద్దు చేశారు కూడా. అయినా ఆ ఐదేళ్ళూ నాకు గోడలు దగ్గరికి జరుగుతున్నట్టే ఉండేది. ఏడిస్తే పొగ వల్ల అనుకునేవాళ్ళు కాబట్టి ఏడుపుకు మాత్రం లోటు లేదు.

పదో తరగతి పాసయ్యాను. ఆ పైన చదవాలంటే జగదల్‌పూర్ వెళ్ళి ఆడపిల్లల హాస్టల్లో ఉండాలి. నాయిన కాదనలేదు. ఎవరితోనో చెప్పి ఫారం తెప్పించాడు. నాయనమ్మా పైకి వద్దనలేదు.

"పో బిడ్డా, ఎవరొద్దన్నరు?" అంది. "నీ చెయ్యి ఇక్కడ పెట్టి పో."

ఇంట్లో ఎవరూ నవ్వలేదు. అందరికీ అది సబబైన మాటగానే తోచింది. నాయిన ఫారం మడిచి గల్లాపెట్టెలో పెట్టాడు.

ఆ ఎండాకాలమే అన్నకు పెళ్ళయింది. అనసూయ వదిన ఇంట్లో అడుగు పెట్టిన రోజు నా అంత సంతోషించినవాళ్ళు లేరు. పెళ్ళికొడుకు కూడా అంత సంతోషించి ఉండడు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు కదా, నేను పూర్తి మొగుడంత ప్రేమగా ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళాను. మూడో రోజు నాయనమ్మ ఆమెను పీట మీద కూర్చోబెట్టింది. మొదటి అట్టు చిరిగింది. రెండోది పెనానికి అతుక్కుపోయి గీకాల్సి వచ్చింది. మూడోది పైన పచ్చి, కింద బొగ్గు.

"మీ ఇంట్ల అట్లు పొయ్యరా ఏంది?" అని అడిగింది నాయనమ్మ.

"మా ఇంట్ల వంటామె ఉండేది నాయనమ్మా" అంది వదిన తల వంచుకుని.

వారం తర్వాత మళ్ళీ కూర్చోబెడితే మళ్ళీ అంతే. "ఈ పెనం ఈ పిల్లను ఒప్పుకుంటలేదు" అని తీర్పు చెప్పి, నాయనమ్మ నన్ను పిలిచింది. నేను వదిలిపెట్టలేదు. మధ్యాహ్నాలు వదినను పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాను. నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమనాలి, అప్పుడు పొయ్యాలి, మధ్య నుంచి అంచుకు తిప్పాలి. ఆమె బుద్ధిగా తలూపేది. మర్నాడు చల్లటి పెనం మీద పోసేది. ఇంత మొద్దు మనిషిని ఎక్కడ వెతికి తెచ్చారు అని నేను అమ్మ దగ్గర ఏడ్చాను. హాస్టల్ ఫారాలకు గడువు దగ్గర పడుతోంది.

ఒక రోజు నాయనమ్మ, అమ్మ ఎర్రబోరులో బంధువుల ఇంట్లో పురుడు చూడడానికి వెళ్ళారు. నాయిన, అన్న దుకాణంలో ఉన్నారు. నేను బడికి నా కాగితాల కోసం వెళ్తే తాళం వేసి ఉంది. వెనక దారిన ఇంటికి వచ్చాను. పెరట్లోకి రాగానే వాసన తగిలింది. సరిగ్గా కాలిన అట్టు వాసన వేరు. ఐదేళ్ళు కూర్చున్నదాన్ని, నాకు తెలియదా? వంటింట్లో వదిన పీట పక్కకు జరిపి పొయ్యి మీదకు వంగి ఉంది. పొయ్యి మీద పెనం. గరిటెతో ఒక్క తిప్పు తిప్పింది. మిషన్ మీద నేసిన గుడ్డంత పల్చగా పరుచుకుంది. అంచు తానే లేచింది. ఆమె దాన్ని వేళ్ళతోనే తీసి, ఊదుకుంటూ, నిలబడే తినేసింది. నా జన్మలో అంత పల్చటి అట్టు నేను పోయలేదు.

నన్ను చూసి ఆమె దాచడానికి ప్రయత్నించలేదు.

"ఎప్పుడు నేర్చుకున్నవు?" అన్నాను.

"ఏడేండ్లకు. మాది తొమ్మిది మంది ఇల్లు. నేనే పెద్దదాన్ని. వంటామె గింటామె ఎవ్వరు లేరు, నేనే వంటామెను" అంది. "పెండ్లయితే పెనం తప్పుతదని ఒప్పుకున్న. ఒక్కనాడు మంచిగ పోస్తే చాలు సరోజా, ఇగ లేవనియ్యరు. నీకు తెల్వదా?"

"మరి నేను?"

ఆమె పెనం మీద నూనె గుడ్డ తిప్పింది. "నువ్వు సుత చెడగొట్టు. ఇద్దరికి రాదంటే ఏం జేస్తరు? ఉప్మా తింటరు. ఉప్మా తిని దోర్నపాల్‌ల ఎవ్వరు సావలేదు."

ఇద్దరం నోళ్ళు మూసుకుని నవ్వుకున్నాం. ఆ ఒక్క మధ్యాహ్నం నాకు అక్క దొరికినట్టే ఉంది. ఎవరికీ చెప్పనని ఆమె చేతిలో చెయ్యి వేశాను.

మర్నాడు పొద్దున నేను నిజంగానే ప్రయత్నించాను. మంట తగ్గించి, పిండి మందంగా పోశాను. మొదటి రెండూ ముద్దలయ్యాయి. నాయనమ్మ కోప్పడి ఉంటే బాగుండేది. ఆమె నా నుదురు తాకి చూసి, "ఏంది బిడ్డా, ఒళ్ళు బాగలేదా? నిమ్మళంగ పొయ్యి, తొందరేం లేదు" అంది. ఆ రెంటినీ కుక్కకు వేసి, వరసలో అందరూ విస్తళ్ళ ముందు ఓపికగా కూర్చున్నారు. నా చెయ్యి చెడిందని నమ్మడానికి ఆ ఇంట్లో ఒక్కరు సిద్ధంగా లేరు. సిగ్గు కూడా వేసింది. మూడోది నా ప్రమేయం లేకుండా గుండ్రంగా వచ్చేసింది. గుమ్మంలో నిలబడ్డ వదిన అది చూసి, వెళ్ళి నీళ్ళు తోడుకుంది.

తర్వాతి అంగడి రోజు నాయిన తినడానికి కూర్చుని, రేపు తెలిసినాయన ఒకరు జగదల్‌పూర్ వెళ్తున్నాడని, ఫారం పంపాలంటే ఇదే ఆఖరని చెప్పాడు. "పంపుదమా, వద్దా?" అన్నాడు. నన్ను కాదు, నాయనమ్మను.

"వచ్చే ఏడు చూద్దం లేరా. కోడలుపిల్లకు అప్పటికన్న చెయ్యి తిరుగుతదేమో" అంది ఆమె.

వచ్చే ఏడు అనే మాట విన్నాక నాకు ఊపిరి ఆడలేదు. వచ్చే ఏడంటే ఆ పై ఏడు, ఆ తర్వాత పెళ్ళి, ఇంకో ఇంట్లో ఇంకో పీట. చేతిలో గరిటె ఉంది. పెనం మీద అట్టు ఉంది. "వదినెకు వచ్చు నాయనమ్మా" అన్నాను. "నాకంటె మంచిగ వచ్చు. నేను చూసిన."

వరసలో తింటున్నవాళ్ళ చేతులు ఆగాయి. వదిన చట్నీ వడ్డిస్తోంది. గిన్నె కింద పెట్టి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు. పాఠశాలలో పేరు పిలిస్తే లేచి నిలబడే పిల్ల ముఖంలా ఉంది అది. నాయనమ్మ నన్ను లేపి, పీట సవరించి, "కూసో బిడ్డా" అంది ఆమెతో. తన నియమాన్ని తనే తప్పింది ఆ రోజు. నడుమ చెయ్యి మార్చింది. వదిన కావాలంటే ఇంకోసారి చెడగొట్టొచ్చు, నన్ను అబద్ధాలకోరుగా నిలబెట్టొచ్చు. అలా చెయ్యలేదు. కూర్చుంది, కొంగు బిగించింది, పోసింది. నాయనమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ఈ చెయ్యి ఇన్నాళ్ళు ఏడ దాసినవే" అంది ప్రేమగా. నాయిన లేచి గల్లాపెట్టెలోంచి ఫారం తీశాడు.

నెల తిరక్కుండా నేను బస్సెక్కాను. సుక్మా దాటి, దర్భా ఘాట్ ఎక్కుతుంటే కిటికీ గాలికి జుట్టులోంచి పొగ వాసన పోతోందని నిజంగా అనిపించింది. హాస్టల్లో ఉప్మా పెట్టేవాళ్ళు. దానంత రుచైన తిండి నేను తినలేదు. చదువుకున్నాను, పంతులమ్మనయ్యాను, జగదల్‌పూర్‌లోనే స్థిరపడ్డాను. ఇష్టమైన రోజు అట్లు పోసుకుంటాను, లేని రోజు బ్రెడ్డు కాల్చుకుంటాను. నాకు వచ్చిన పెద్ద స్వాతంత్ర్యం అదే అంటే నా పిల్లలు నవ్వుతారు.

నాయనమ్మ పోయాక ఆ నియమం కూడా పోతుందనుకున్నాను. పోలేదు. అమ్మ పోయింది, నాయిన పోయాడు, పొయ్యి పోయి గ్యాస్ వచ్చింది, వదిన అక్కడే ఉంది. అడవిలో కాల్పుల వల్ల రోడ్డు మీద చెక్‌పోస్టులు వచ్చి, ఏ రోజు బస్సు తిరుగుతుందో తెలియని ఏళ్ళల్లో, కొన్నాళ్ళు ఇక్కడికి వచ్చి ఉండండి అని నేను ఫోన్‌లో బతిమాలేదాన్ని. "పొద్దున అట్లు ఎవరు పోస్తరు సరోజా?" అనేది. ఆమె తమాషాకు అంటోందని అనుకునేదాన్ని. ఇప్పుడు అన్నకు షుగర్ అని డాక్టర్ చెప్పి ఓట్స్ రాశాడు కాబట్టి ఆమెకు కంటి ఆపరేషన్‌కు తీరిక దొరికింది.

వాఫిల్ ఆదివారం మధ్యాహ్నం అందరూ ఎవరి గదుల్లోకి వాళ్ళు వెళ్ళాక, వదినను పడుకోబెట్టి కంట్లో చుక్కలు వేశాను. చుక్కలు వేశాక కాసేపు కళ్ళు మూసుకుని ఉండాలి. ఆమె కళ్ళు మూసుకుని ఉంది కాబట్టే నాకు నోరు వచ్చింది.

"వదినె, ఆనాడు నేను చెప్పకపోతే నువ్వు తప్పించుకునేదానివి. మాటిచ్చి తప్పిన. ఇన్నేండ్లు అడగలేకపోయిన. నా మీద కోపం ఉన్నదా?"

"ఆనాటి దానికా?" అంది. "పదహారేండ్ల పిల్లవు. ఊపిరాడక అన్నవు. నీ జాగాల నేనున్నా అందును."

నాకు గుండె తేలికయింది. ఆమె చెయ్యి పట్టుకోబోయాను. ఆమె ఇంకా పూర్తి చెయ్యలేదు.

"కోపం ఉన్నదానికి ఉన్నది" అంది, కళ్ళు తెరవకుండానే. "సెలవులకు వస్తివి. మొగుని తోని వస్తివి, పిల్లల తోని వస్తివి. వరసల కూసొని తింటివి, మంచిగున్నయి వదినె, ఇంకొకటి వెయ్యి అంటివి. ఆ పీట మీద కూసుంటె ఎట్లుంటదో ఇంట్ల నీ ఒక్కదానికే తెలుసు. ఒక్కనాడన్న లే వదినె, ఇయ్యాల నేను పోస్త అంటివా?"

అనలేదు. మరిచిపోయి అనకపోవడం కాదు. ప్రతి సెలవుకూ, వరసలో కూర్చున్న ప్రతిసారీ, ఆ మాట నా నోటిదాకా వచ్చేది. అన్నానంటే ఆమె నిజంగానే లేస్తుందేమోనని భయపడ్డాను.